సరిహద్దులు దాటించినవారికి కృతజ్ఞతలు

మోటారుసైకిల్ మీద ఏడు వారాల ప్రయాణం ముగించుకుని పోయిన నెలలో క్షేమంగా ఇంటికి చేరాను. సెర్బియా, ఉత్తర మాసిడోనియా, కొసోవో, గ్రీసు, టర్కీ మీదుగా జార్జియా దాకా వెళ్లి, ఇంచుమించు అదే దారిన తిరిగి వచ్చాను. బయలుదేరడానికి మూడు వారాల ముందు, నా బీమా కాగితాలూ బండి కాగితాలూ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసిపెట్టమని అడిగినప్పుడు, ముఖపరిచయమైనా లేని ఇద్దరు పెద్దలు తమ పనులు పక్కన పెట్టి నాకు సాయం చేశారు. దారిలో మరొకరు చేశారు. పేర్లు రాయవద్దని వారు కోరారు కాబట్టి రాయడం లేదు. వారు చేసిన మేలు ఎంతటిదో వివరంగా చెప్పకుండా ఒక్క ముక్కలో ధన్యవాదాలు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

మొదట చెప్పవలసింది అక్కగారి గురించి. బీమా క్లెయిముల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన ఆవిడ, నేను పంపిన గ్రీన్ కార్డు (అంతర్జాతీయ వాహన బీమా కార్డు) ఫోటో చూసి, "ఇది ఒక్కటే చాలదు, పాలసీ మొత్తం పంపండి బాబూ, చిన్న అక్షరాలతో ఉన్న పేజీలు కూడా" అన్నారు. అప్పటిదాకా గ్రీన్ కార్డు అంటే విదేశాల కోసం ఇచ్చే వేరే బీమా అనుకుంటున్నాను. అది బీమా కాదనీ, సొంత దేశంలో తీసుకున్న పాలసీ మనం వెళ్లే దేశపు చట్టం కోరే కనీస థర్డ్ పార్టీ బాధ్యతనైనా భరిస్తుందని చూపే రుజువు మాత్రమేననీ ఆవిడ ఓపికగా వివరించారు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 1949లో చేసిన సిఫారసు మీద ఏర్పడి, 1953 నుంచి నడుస్తున్న ఏర్పాటు ఇది. ఇందులో నలభైకి పైగా దేశాలున్నాయి. ప్రతి దేశంలోనూ ఒక బ్యూరో ఉంటుంది. పరాయి దేశపు బండి ప్రమాదం చేస్తే, నష్టపోయిన మనిషి ఎక్కడో ఉన్న బీమా కంపెనీ చుట్టూ తిరగనక్కరలేకుండా తన దేశంలోని బ్యూరో దగ్గరే పరిహారం కోరవచ్చు. ఆ బ్యూరో అక్కడి చట్టం ప్రకారం పరిహారం తేల్చి, ఆ మొత్తాన్ని మన కంపెనీ వైపు నుంచి తిరిగి రాబట్టుకుంటుంది. నా వల్ల నష్టపోయినవారికి న్యాయం జరగడానికే ఆ కాగితం ఉందని తెలిసిన తరవాత, దానిని చూసే నా చూపే మారిపోయింది.

మరునాడు సాయంత్రం వీడియో కాల్‌లో ఆవిడ కార్డులోని గడులు ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ నా చేత చదివించారు. ఐదో గడిలో బండి నంబరు సరిగ్గానే ఉంది. ఆరో గడిలో వాహనం రకం దగ్గర "ఏ" అని ఉంది. అక్కగారు అక్కడ ఆగి, కార్డు అడుగున రకాల పట్టిక చదవమన్నారు. "ఏ" అంటే కారు, "బీ" అంటే మోటారుసైకిల్. డ్రైవింగ్ లైసెన్సులో మోటారుసైకిల్‌కు "ఏ" అని ఉండడం అలవాటైన కంటికి ఆ తప్పు తప్పుగా కనిపించదు. నేను కనీసం పదిసార్లు ఆ కార్డు చూసి ఉంటాను, ఒక్కసారీ పట్టుకోలేకపోయాను. కంపెనీవారికి రాయగానే రెండు రోజుల్లో సరిదిద్దిన కార్డు పంపారు. అది తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలతో వచ్చేసరికి నాకు మళ్లీ కంగారు పుట్టింది. 2020 జులై నుంచి తెల్ల కాగితం మీద అచ్చు వేసినా చెల్లుతుందని ఆవిడే ధైర్యం చెప్పారు.

అసలు ప్రమాదం ఎనిమిదో గడిలో ఉంది. అక్కడ దేశాల సంకేతాక్షరాలు వరుసగా ఉంటాయి. మన పాలసీ వర్తించని దేశాల అక్షరాలను గీత పెట్టి కొట్టేస్తారు. టర్కీని సూచించే "టీఆర్" మీద గీత లేదు. అందుకే నేను నిశ్చింతగా ఉన్నాను. అయితే పాలసీ పత్రంలో, భౌగోళిక పరిధి అనే శీర్షిక కింద, "టర్కీలోని ఐరోపా భాగం" అని ఒక వాక్యం ఉన్నట్టు అక్కగారు పట్టుకున్నారు. టర్కీ నేల మొత్తంలో ఐరోపా వైపున ఉన్నది దాదాపు మూడు శాతమే. ఇస్తాంబుల్ దగ్గర బాస్ఫరస్ జలసంధి దాటిన క్షణం నుంచి జార్జియా సరిహద్దు వరకు నేను నడపబోయే పన్నెండు వందల కిలోమీటర్లకు పైచిలుకు దారిలో నేను నడిపే బండికి జరిగే నష్టానికి రక్షణ లేనట్టే. పైగా, కార్డు చూసి ఎదుటివారికి పరిహారం ఇచ్చినా, కంపెనీ ఆ మొత్తాన్ని తరవాత నా దగ్గర వసూలు చేసే అవకాశం ఉంటుందని ఆవిడ హెచ్చరించారు. ఫోనులో ఎవరో "ఉందండీ, టర్కీ ఉంది" అని చెప్పిన మాటను నమ్ముకుని బయలుదేరవద్దనీ, ఆసియా భాగంతో సహా టర్కీ మొత్తానికి వర్తిస్తుందన్న మాటలు అచ్చంగా అవే పదాలతో ఎండార్స్‌మెంట్‌లో, అంటే పాలసీకి జతచేసే సవరణ పత్రంలో, ఉండాలనీ చెప్పి, ఉత్తరం ఎలా రాయాలో కూడా చెప్పారు. కొంత అదనపు ప్రీమియం కట్టించుకుని కంపెనీ ఆ కాగితం పంపడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆవిడ మాట విని ఉండకపోతే ఏమయ్యేదో కాసేపట్లో చెబుతాను.

ఇంతటితో ఆగకుండా, నా ప్రయాణ ఆరోగ్య బీమాను కూడా ఆవిడ చదివారు. 125 సీసీ దాటిన బండి నడుపుతుండగా గాయపడితే ఆసుపత్రి ఖర్చు ఇవ్వరన్న షరతు అందులో ఉంది. నా బండి 650 సీసీ. పెద్ద బండ్లకు వర్తించే అదనపు రక్షణ అదే రోజు తీసుకున్నాను.

రెండోవారు, దశాబ్దాలుగా మోటారుసైకిల్ మీద ఖండాలు దాటుతున్న ఒక పెద్దాయన. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న బీమా గురించి కాదు, బండి ఎవరి పేరు మీద ఉందని. బండి మా తమ్ముడి పేరు మీద ఉంది. సొంత ఇంటి మనిషి బండే కదా అని నేను అనుకున్నదాన్ని, కస్టమ్స్ కౌంటర్‌లో కూర్చున్న అధికారి అనుకోవలసిన అవసరం లేదని ఆయన మెత్తగా చెప్పారు. తమ్ముడు నాకు బండి అప్పగించినట్టు నోటరీ చేయించిన అధికార పత్రం ఉండాలనీ, అందులో బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇద్దరి పాస్‌పోర్టు నంబర్లు, దేశాల పేర్లు, తేదీలు అన్నీ ఉండాలనీ చెప్పి, టర్కిష్ భాషలోకి అనువాదం కూడా చేయించమన్నారు. టర్కీలోకి ప్రవేశించేటప్పుడు అధికారి రిజిస్ట్రేషన్ పత్రంలోని పేరూ నా పాస్‌పోర్టులోని పేరూ రెండుసార్లు పోల్చి చూసి, తల ఎత్తకుండానే చెయ్యి చాపారు. ఆ చేతిలో ఆ పత్రం పెట్టగలిగాను.

అక్కడ బండి వివరాలను మన పాస్‌పోర్టుకు ముడిపెట్టి నమోదు చేస్తారు. అంటే బండి లేకుండా మనిషి ఒక్కడే దేశం విడిచి వెళ్లడానికి కుదరదు. ఇంట్లో ఏదైనా కష్టం వచ్చి విమానంలో వెనక్కి రావలసి వస్తే, ముందు బండిని కస్టమ్స్ వారి ఆధీనంలో అప్పగించి కాగితం తీసుకోవాలి. మా అమ్మగారి ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న రోజులవి. ఈ సంగతి ముందుగా తెలియడం వల్ల నాకెంత ఊరట కలిగిందో పెద్దాయనకు అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నాను.

గ్రీన్ కార్డు చెల్లని చోట్ల గురించి కూడా ఆయనే చెప్పారు. కొసోవో ఆ ఏర్పాటులో లేదు; సరిహద్దు దగ్గర ఉన్న కిటికీలో అక్కడికక్కడే బీమా కొనుక్కోవాలి. జార్జియా కూడా లేదు. పరాయి దేశంలో రిజిస్టరైన బండ్లన్నిటికీ థర్డ్ పార్టీ బీమాను ఆ దేశం 2018 మార్చి 1 నుంచి తప్పనిసరి చేసింది. దానిని ముందుగానే ఆన్‌లైన్‌లో కొనుక్కునే వీలుంది కాబట్టి, టర్కీ, జార్జియాల మధ్య ఉన్న సర్పి సరిహద్దుకు ముందు రోజు రాత్రి కొని, రెండు ప్రతులు తీసి పెట్టుకున్నాను. సరిహద్దులో కొనే ఇటువంటి బీమాలు ఎదుటివారి నష్టాన్ని మాత్రమే భరిస్తాయి. మన బండి, మన ఒళ్లు వాటి పరిధిలోకి రావు. ఈ ఒక్క విషయం తెలియక, రసీదు చేతికి రాగానే అన్నిటికీ రక్షణ దొరికిందనుకునేవారు చాలామంది ఉన్నారని ఆయన బాధపడ్డారు.

నా దారిలో కార్నెట్ అవసరం పడలేదు. బండిని దిగుమతి సుంకం కట్టకుండా ఒక దేశంలోకి తాత్కాలికంగా తీసుకువెళ్లడానికి కస్టమ్స్ వారికి చూపించే పుస్తకం అది. అయినా రాబోయే ఏళ్లలో ఇరాన్, పాకిస్తాన్ మీదుగా వెళ్లాలన్న కోరిక నాకుందని తెలిసి, ఆయన తన పాత కార్నెట్‌ను తెరిచి చూపించారు. ఇన్నాళ్లూ విన్నమాటే గాని కంటితో చూడడం అదే మొదటిసారి. ఒక్కో దేశానికి ఒక్కో పేజీ; ప్రతి పేజీలో మూడు ముక్కలు. లోపలికి వెళ్లేటప్పుడు అడుగు ముక్కను, బయటికి వచ్చేటప్పుడు నడిమి ముక్కను కస్టమ్స్ వారు చించి ఉంచుకుంటారు. పై ముక్క మన దగ్గరే ఉండిపోతుంది, దాని మీద రాక ముద్రా పోక ముద్రా రెండూ పడాలి. బండిని ఆ దేశంలో అమ్ముకోకుండా తిరిగి తీసుకెళ్లామనడానికి ఆ రెండో ముద్రే సాక్ష్యం. అది లేకపోతే దిగుమతి సుంకం కట్టమని అడుగుతారు, మనం పెట్టిన పూచీ మొత్తం ఇరుక్కుపోతుంది. ఆయన పుస్తకంలో ఒక పేజీ మీద పోక ముద్ర సగమే పడి, సిరా అలుక్కుపోయి ఉంది. ఆ సగం ముద్ర కోసం ఎనభై కిలోమీటర్లు వెనక్కి వెళ్లి మరో ముద్ర వేయించుకున్నానని చెబుతూ ఆ రెండు ముద్రలనూ పక్కపక్కన చూపించారు. "ముద్ర పడిన కాగితాన్ని కౌంటర్ దగ్గరి నుంచి కదలకుండా చదవాలి బాబూ" అని ఆయన చెప్పినది అందుకే.

ఆ మాట నేను ఒక్కచోట పాటించలేదు. అది ఏ సరిహద్దో చెప్పను. వాన పడుతోంది, వెనక వరుస పెద్దదిగా ఉంది, కాగితం తీసి జాకెట్‌లో పెట్టుకుని బండి నడిపేశాను. నా బండి నంబరులోని సున్నాకు బదులు "ఓ" అక్షరం నమోదైందన్న సంగతి ఆ దేశం విడిచి వెళ్లే రోజున బయటపడింది. కంప్యూటర్ లెక్కలో నేను తెచ్చిన బండి వేరు, తీసుకువెళ్తున్న బండి వేరు. నాలుగు గంటలకు పైగా అక్కడే నిలబడ్డాను. అక్కడి భాష నాకు రాదు. అప్పుడు వరుసలో ఉన్న ఒక లారీ డ్రైవరు తన వంతు పోతుందని తెలిసి కూడా దిగివచ్చి, ఇంగ్లీషులో నా గోడు విని, ఛాసిస్ నంబరు ఒక్కటేనని అధికారులకు చూపించమని సలహా ఇచ్చి, తానే నా వెంట లోపలికి వచ్చి మాట్లాడారు. అధికారి వచ్చి వంగి, బండి మెడ మీద చెక్కిన అంకెలను రిజిస్ట్రేషన్ పత్రంతో ఒక్కొక్కటే సరిపోల్చుకుని, తప్పు దిద్దించారు. ఆ డ్రైవరు ఈ నాలుగు మాటలు ఎన్నడూ చదవకపోవచ్చు. అయినా ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఇక అక్కగారి ఎండార్స్‌మెంట్ సంగతి. నల్ల సముద్రం పక్కనుంచి ట్రాబ్జోన్ దాటి రిజే వైపు వెళ్తుండగా, ఒక ఏటవాలు సందులో బండి తిప్పబోయి, ముందు చక్రం కంకర మీద జారి, పక్కన ఆగి ఉన్న కారు మీదికి ఒరిగిపోయాను. నాకు ఏమీ కాలేదు. కారు తలుపు మాత్రం నా బండి హ్యాండిల్ చివర గుచ్చుకుని లోపలికి సొట్ట పడింది. కారు యజమాని పరుగున వచ్చి మొదట నన్ను లేవదీసి, తరవాతే తలుపు చూసుకున్నారు. అక్కగారు ముందే నేర్పినట్టు, తప్పు నాదని గాని కాదని గాని ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా, ట్రాఫిక్ పోలీసులను పిలిపించి నివేదిక రాయించాను. రెండు బండ్లూ కదలకముందే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాను. గ్రీన్ కార్డు ప్రతి ఒకటి ఆయన చేతికిచ్చాను. ఆ రాత్రి సమయం చూడకుండా ఫోను చేస్తే, అక్కగారు రెండో రింగుకే ఎత్తి, మా కంపెనీకి ఏ వివరాలు ఏ వరుసలో పంపాలో చెప్పారు.

క్లెయిమ్ ముగిసిందన్న ఉత్తరం పోయిన వారం వచ్చింది. ఆయనకు అక్కడి బ్యూరో ద్వారా డబ్బు అందింది. నా దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. రంగు వేయించిన తలుపు ఫోటో ఆయన నాకు పంపారు, నేను వెంటనే అక్కగారికి పంపాను. "సొట్ట ఎక్కడ పడిందో తెలియడం లేదే" అని ఆవిడ జవాబిచ్చారు.