పిల్లలున్న ఇంటికి కరిచే కుక్కను ఇక అమ్మం

అనంతపురం, చుట్టుపక్కల మండలాల కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మా కెన్నెల్‌లో ఒక పని ఆపేస్తున్నాం. పన్నెండేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి, మనిషి మీదికి ఉసిగొల్పి చేయి పట్టించే ట్రైనింగ్ ఇచ్చిన పెద్ద కుక్కను ఇవ్వం. ఎంత ఇస్తామన్నా ఇవ్వం. గిరాకీ తగ్గుతుందని తెలుసు. ఈ మాట చెప్పగానే అడ్వాన్సు వెనక్కి తీసుకుని బెంగళూరు దారి పట్టినవాళ్ళు ఉన్నారు. పోనీ.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందిది ఒకటే పరిస్థితి. ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకముందే పోతాడు. ఇంట్లో భార్య, పిల్లలు, ఒక ముసలామె. కొత్త లేఅవుట్‌లో ఇల్లు, పక్క ప్లాట్లన్నీ కంపచెట్లు. వాళ్ళ భయంలో తప్పేమీ లేదు. కానీ గేటు దాటగానే అడిగే మొదటి మాట, "అన్నా, కరుస్తాదా లేదా? అది చెప్పు."

కరిపించడం ఎట్లా నేర్పుతారో చెప్తాను, మీరే ఆలోచించండి. ఒక మనిషి చేతికి మందపాటి స్లీవ్ తొడుక్కుంటాడు. అరుస్తాడు, చేతులు విసురుతాడు, పరుగు తీస్తాడు. కుక్క వెంటబడి ఆ చేయి పట్టుకుంటే శభాష్ అంటాం. పట్టడం తొందరగానే వస్తుంది. "వదులు" అనగానే వదలడం నేర్పేదే అసలు కష్టం, అది నిలబడాలంటే తెలిసిన మనిషి రోజూ సాధన చేయిస్తూ ఉండాలి. ఇప్పుడు మీ ముంగిట్లో సాయంత్రం ఐదు గంటలకు ఏం జరుగుతుంది? పక్కింటి పిల్లలు వస్తారు. అరుస్తారు, చేతులు విసురుతారు, పరుగు తీస్తారు. ఒకడు మీ పిల్లవాణ్ణి కింద పడేసి మీద కూర్చుంటాడు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో కుక్కకు హ్యాండ్లర్ ఉంటాడు, దాన్ని చూసుకోవడమే అతని ఉద్యోగం. చంకలో బిడ్డతో, పొయ్యి మీద పాలతో ఉన్న ఆమె ఆ కుక్క బెల్టు ఎట్లా పట్టుకుంటుంది?

ఇంటికి కావాల్సింది గొంతు, ఆకారం, నిబ్బరం. మంచి తల్లికి పుట్టి, ఇంటి మనుషుల మధ్య పెరిగిన జర్మన్ షెపర్డ్ ఏడాది, ఏడాదిన్నర వచ్చేసరికి ఎవరూ నేర్పకుండానే గేటు దగ్గర కొత్త అడుగు వినిపిస్తే లేచి నిలబడి మొరుగుతుంది. ల్యాబ్రడార్ కూడా మొరుగుతుంది. వచ్చినవాడు బిస్కెట్ ఇస్తే తోక ఊపుతుందనుకోండి, ఆ సంగతి చీకట్లో గోడ అవతల నిలబడ్డవాడికి తెలియదు.

బెల్జియన్ మాలినాయ్ జాతి కుక్క కావాలని వీడియోలు చూపించేవాళ్ళకు ఒకటే జవాబు: సైన్యానికి, పోలీసులకు అది బంగారం, పని లేని ఇంట్లో పెడితే సోఫా చించడంతో మొదలుపెడుతుంది. ముధోల్ కన్నడ దేశపు మంచి జాతి, మన ఎండకు తట్టుకుంటుంది, కానీ కంటికి కదిలినదాని వెంట పరుగెత్తే వేటకుక్క. కాపలా కోసం దాన్ని కొనవద్దు. తోటలో మోటారు కేబుళ్ళు పోతున్నాయని, శెనక్కాయ చేన్లో పందులు పడుతున్నాయని వచ్చే రైతులకైతే జాతి కుక్కే వద్దంటాను. ఊళ్ళో ఈనిన నాటుపిల్లలు రెండు తెచ్చుకుని, టీకాలు వేయించి, రెండు పూటలా కడుపునిండా పెట్టండి. మాకు రూపాయి రాదు, మీకు పని జరుగుతుంది.

రాట్‌వైలర్ గురించి ఫోన్లు ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి కొంచెం వివరంగా. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు రాసిన లేఖలో దీని పేరూ ఉంది. ఆ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. కోర్టుల సంగతి పక్కన పెట్టినా, యాభై కిలోల మగకుక్క లాగితే నిలబడలేని ఇంటికి నేను ఇవ్వను. మన కుక్క ఎవరినైనా గాయపరిస్తే నిర్లక్ష్యం కింద మన మీదే కేసు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

డబుల్ బోన్ (లావు ఎముకలు), డబుల్ కోటు (ఒత్తు బొచ్చు) అని వెతికేవాళ్ళు ముందు తల్లిని చూడండి. తల్లి ఎట్లాంటిదో చూపించనివాడి దగ్గర పప్పీ తీసుకోవద్దు. మా దగ్గర చేసేది ఇది: కూనలు ఆడుతుండగా కొంచెం దూరంలో ఒక స్టీలు పళ్ళెం కింద పడేస్తాం. అన్నీ ఉలిక్కిపడతాయి, అది మామూలే. ఒకటి మూలకు పోయి గంటైనా బయటికి రాదు. ఒకటి గుర్రుమని పళ్ళెం మీదికే పోతుంది. ఇంకొకటి రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, మెల్లగా వచ్చి పళ్ళెం అంచు వాసన చూసి నాకుతుంది. పిల్లలున్న ఇంటికి మేం తీసి పెట్టేది ఆ మూడోదాన్నే. భయపడే కుక్క గట్టి కాపలా అని చాలామంది అనుకుంటారు, ఎందుకంటే అది అందరినీ చూసి మొరుగుతుంది. మూలకు నెడితే ముందు కరిచేది కూడా అదే.

రెండు నెలలు నిండని కూనను ఇవ్వం. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017 నాటి కేంద్ర నిబంధనలు కూడా ఎనిమిది వారాలు నిండనిదాన్ని అమ్మవద్దంటున్నాయి. తల్లితో, తోడు కూనలతో ఉన్నప్పుడే పంటి బలం ఎంత వాడాలో వాటికి తెలుస్తుంది. ఇంటికి తీసుకుపోయాక, కూనకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన బూస్టర్, ఏటేటా మళ్ళీ. పెంపుడు కుక్కే కదా అని పన్ను గీరినా, గోరు గీరినా వదిలేయకండి. పావుగంట సబ్బుతో ధారగా కడిగి ఆసుపత్రికి తీసుకుపోండి.

ఎండాకాలం మిద్దె మీద గొలుసుతో కట్టేసే ఉద్దేశం ఉంటే అడ్వాన్సు కట్టవద్దు. అట్లా పగలంతా కట్టేసిన కుక్క చిరాకు ఎవరి మీద తీర్చుకుంటుందో చెప్పలేం, తరచూ చేతికి అందేది చిన్నపిల్లలే. తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదని పిల్లలకు నేర్పండి. ఆరేళ్ళ లోపు పిల్లను, కుక్కను ఒక్క గదిలో ఒంటరిగా వదలకండి, ఎంత మంచి కుక్కైనా సరే.

రేట్లు కొంచెం పెరుగుతాయి. ఇచ్చే ముందు మీ ఇల్లు చూడటానికి మేమే వస్తాం, ఇచ్చాక బెల్టు పట్టి నడిపించడం ఇంటావిడకు, పెద్దపిల్లలకు నేర్పుతాం, ఆ ఖర్చు అందులోనే. నెల లోపల కుదరకపోతే కుక్కను వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేస్తాం, టీకాల ఖర్చు మాత్రం పట్టుకుంటాం.

జర్మన్ షెపర్డ్ ఒకటి ఈనింది. చూడాలనుకునేవాళ్ళు ఆదివారం ఉదయం తొమ్మిది లోపల రండి, తర్వాత ఎండకు కూనలు నిద్రపోతాయి. ఇంటాయన ఒక్కడే వచ్చి బుక్ చేసుకుని పోవడం కుదరదు. ఇంటిల్లిపాదీ రావాలి, ముఖ్యంగా కుక్కంటే భయపడే పిల్ల ఎవరైనా ఉంటే ఆ పిల్లను తప్పకుండా తీసుకురండి.