అండమాన్‌కు రెండో కేబుల్ విశాఖ నుంచి వేయించండి

సంపాదకుడు గారికి,

విశాఖ డేటా సెంటర్ గురించి మీ పేపర్లో తరచూ ఏదో ఒకటి వస్తూనే ఉంది, సంతోషమే. కానీ 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినదాంట్లో ఏఐ హబ్ ఒక్కటే లేదు, విదేశాల నుంచి సముద్రం అడుగున వచ్చే కేబుళ్లను విశాఖ ఒడ్డుకు చేర్చే ఏర్పాటు కూడా ఉంది. ఆ పని ఎలాగూ జరగబోతోంది కాబట్టి అక్కడి నుంచే అండమాన్‌కు కూడా ఒక లైను వేయమని మనవాళ్లు ఎందుకు అడగరు?

అక్కడ ఇంటర్నెట్ లేదని కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై కేబుల్ మొదలైంది, సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్లు, పోర్ట్‌బ్లెయిర్ మీదుగా హేవ్‌లాక్, రంగత్, కార్ నికోబార్, ఆ చివర గ్రేట్ నికోబార్ దాకా వెళ్లింది. అంతకుముందు అంతా శాటిలైటే. పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండే మా చెల్లెలు (ఇప్పుడు శ్రీవిజయపురం అనాలట, మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు) పిల్లల ఫొటో రాత్రి పంపితే తెల్లారేదాకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. ఇప్పుడు మా మేనల్లుడు అక్కడ కూర్చునే ఆన్‌లైన్ కోచింగ్ వింటున్నాడు.

అయితే అంత ట్రాఫిక్కూ వచ్చేది చెన్నై దారిలోనే. అది తెగితే ఏంటి పరిస్థితి?

ఆమధ్య యార్డుకు మిర్చి టిక్కీలు ఎత్తుగా వేసుకెళ్తున్న లారీ ఒకటి మా వీధిలో స్తంభాలకు వేలాడే ఫైబర్‌ను తెంపుకుపోయింది. సాయంత్రానికల్లా ఒక కుర్రాడు నిచ్చెన తెచ్చి, మెషిన్ మా అరుగు మీద పెట్టుకుని, వెంట్రుకంత పోగులు ఒక్కొక్కటే అతికించి వెళ్లిపోయాడు. సముద్రంలో తెగితే ప్రత్యేకంగా ఓడ రావాలి, తెగిన చోటు పట్టుకోవాలి, పైకి లాగి అతకాలి, అప్పటికి తుఫాను లేకుండా ఉండాలి. అలాంటి రిపేరు ఓడల కోసం మనం విదేశాల మీదే ఆధారపడుతున్నామని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లోనే చెప్పింది. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా దీవులకున్న ఒక్క అంతర్జాతీయ కేబుల్ తెగితే బాగు చేయడానికి ఐదు వారాలు పట్టింది. అండమాన్ కూడా భూకంపాల ప్రాంతమే, 2004 సునామీకి కార్ నికోబార్ ఏమైందో అందరికీ తెలుసు. శాటిలైట్ ఉంది కదా అంటారు. ఉంచాల్సిందే, పోలీసులకూ ఆస్పత్రులకూ అది అక్కరకొస్తుంది, కానీ కేబుల్‌కు అలవాటుపడిన దీవులన్నిటినీ అది మోయలేదు.

2011 జనాభా లెక్కల్లోనే అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు పదోవంతు దాటారు. విశాఖ నుంచి ఓడ ఎప్పటినుంచో ఉంది. అంటే ఇది ఎవరికో పట్టాల్సిన గొడవ కాదు, మనదే. ఖర్చంటారా, మొదటి కేబుల్‌కు డబ్బు పెట్టిన నిధే ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి పేరుతో ఉంది, ఇలాంటి పనుల కోసమే ఉంది.

పైగా మా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారే కేంద్ర కమ్యూనికేషన్ల సహాయ మంత్రి. విశాఖ నుంచి అండమాన్‌కు రెండో లైను ఆలోచనలో ఉందా లేదా, ఆయన ఒక్క మాట చెప్తే చాలు. లేకపోతే విశాఖలో కేబుళ్లు ఒడ్డుకు చేరే స్టేషన్ డ్రాయింగులు గీసేటప్పుడే దానికి చోటు పెట్టించాలి, అంతా కట్టాక మళ్లీ బీచ్ తవ్వుతామంటే ఎవరూ ఒప్పుకోరు.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు