రేడియోలో చెప్పిన తప్పును రేడియోలోనే దిద్దాలి

సంపాదకుడు గారికి,

ప్రపంచ వ్యవహారాలు, సమాజం మీద వారం రోజులు సాగిన రేడియో చర్చల గురించి పోయిన ఆదివారం మీ పత్రికలో వార్త వేశారు. శ్రోతల నుంచి విశేష స్పందన వచ్చిందని రాశారు. ఆ ఏడు రోజులూ రేడియో వదలకుండా విన్నవాణ్ణి నేను. ఫోన్లు చాలానే వచ్చాయి, కాదనను. చేసినవాళ్లకు ఏం జవాబు దొరికిందో కూడా రాయాల్సింది.

మూడో రోజు ఐక్యరాజ్య సమితి మీద చర్చ. సర్వప్రతినిధి సభ తీర్మానాన్ని పెద్ద దేశాలు వీటో చేసేస్తాయని, అంటే ఒక్క దేశం కాదన్నా అది ఆగిపోతుందని యాంకర్ రెండుసార్లు చెప్పారు. వీటో ఉండేది భద్రతా మండలిలో. అక్కడున్న 15 దేశాల్లో ఐదు శాశ్వత సభ్య దేశాలకే ఆ హక్కు. 193 దేశాల సర్వప్రతినిధి సభలో ఎవరికీ వీటో లేదు, దేశానికి ఒక్క ఓటే. పిల్లలు బడిలో చదువుకునే విషయం ఇది! చెబుదామని ఫోన్ చేస్తే పావుగంట లైన్లో ఉంచి "టైమైపోయింది సార్" అని పెట్టేశారు. మర్నాడు సవరణ వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ఐదో రోజు జరిగింది ఇంకా బాధ కలిగించింది. ఒకావిడ ఫోన్ చేసి, "యుద్ధానికి భయపడి దేశం దాటినవాళ్లనీ, పని కోసం దాటినవాళ్లనీ ఒకే గాటన కట్టొచ్చా అండీ?" అని అడిగారు. వారం మొత్తంలో అంత మంచి ప్రశ్న ఇంకొకటి లేదు. అతిథి శరణార్థుల మీద దేశాలు చేసుకున్న ఒప్పందాన్ని ఎత్తి "1951 ఒప్పందం ప్రకారం..." అనగానే మ్యూజిక్ వేసి ప్రకటనలకు వెళ్లిపోయారు. తిరిగొచ్చాక టాపిక్ మారిపోయింది.

మైకు ముందు మాటకు విలువ ఉంటుందన్న స్పృహే పోతోంది. 1994లో రువాండాలో ఒక రేడియో స్టేషన్ జనాన్ని హత్యలకు ఉసిగొల్పింది. దాన్ని నడిపించిన వాళ్లకు 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్ష వేసింది. ఇక్కడి తప్పు అంత ఘోరమైనదని నేను అనడం లేదు. కానీ గొంతును నమ్మి వినేవాళ్లుంటారని అందరికంటే ముందు స్టేషన్లకే తెలియాలి కదా. లైసెన్సులిచ్చే అధికారులకూ రాశాను. ఉత్తరం అందిందన్న జవాబు తప్ప ఇంకేమీ లేదు.

ఐదో రోజు ప్రశ్న అడిగిన ఆవిడ కోసం నేనే రాస్తున్నాను, దయచేసి వేయండి. జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం కారణంగా హింసిస్తారన్న సహేతుకమైన భయంతో దేశం దాటి, తిరిగి వెళ్లలేనివాళ్లను 1951 ఒప్పందం శరణార్థులంటుంది. ఆ కారణాల్లో యుద్ధం పేరు లేదు. ఆఫ్రికా దేశాలు 1969లో తమ ఒప్పందంలో బయటి దేశాల దాడినీ, తీవ్రమైన అల్లకల్లోలాన్నీ చేర్చుకున్నాయి. పని కోసమే వెళ్లినవాళ్లు ఈ రెండింటి కిందికీ రారు. ఇది చదవడానికి రేడియోలో అరనిమిషం చాలు.

— ఒక శ్రోత