మా లోగిలి రిజిస్టరులోని రాత్రులు: పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

శ్రీ కందుల దుర్గేష్ గారికి,
పర్యాటక శాఖ మంత్రి, ఆంధ్రప్రదేశ్.

నమస్కారమండీ.

కోనసీమలో, ఆత్రేయపురానికి దగ్గర్లో ఒక పల్లె మాది. మా అత్తగారి మండువా లోగిలిలో రెండు గదులు బాగుచేయించి, మూడేళ్లుగా అతిథులకు ఇస్తున్నాం. మీది నిడదవోలు నియోజకవర్గం కాబట్టి మండువా అంటే ఏంటో, కాలవగట్టు మీద మా ఊరి దారి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది రాత్రుల సంగతి.

శనివారం వచ్చిందంటే తెల్లవారకముందే మా రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. అందరూ వాడపల్లి వెంకన్న దర్శనానికే. ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లు వరసగా ఏడు వారాలూ వస్తారు. ప్రదక్షిణలు, దర్శనం, ప్రసాదం అయ్యాక ఆత్రేయపురంలో ఆగి నాలుగు డబ్బాల పూతరేకులు కొనుక్కుని, రావులపాలెం దగ్గర హైవే ఎక్కేస్తారు. సాయంత్రం ఆరయ్యేసరికి రోడ్డంతా ఖాళీ. కొబ్బరిబోండాలమ్మే కుర్రాడు కత్తి తుడుచుకుని ఇంటికి పోతాడు.

కిందటి శ్రావణంలో అలాంటి ఒక శనివారం ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం, పిల్లకి బాత్రూమ్ కావాలని మా అరుగు దగ్గర ఆగింది. అంతలో వాన. మండువాలో నాలుగు వైపుల నుంచీ చూరునీళ్లు మధ్య గుంటలో పడుతుంటే ఆ పిల్ల కాళ్లు అందులో పెట్టుకుని కూర్చుని, ఎంత పిలిచినా లేవలేదు. వాళ్ల నాయనమ్మ దూలాల వైపు, స్తంభాల వైపు చూసి, "ఇక్కడ ఉండనిస్తారని తెలిస్తే ఒక జత బట్టలు తెచ్చుకునేవాళ్లం కదమ్మా" అంది. వాన తగ్గాక వెళ్లిపోయారు. ఆ రోజు మీ శాఖ లెక్కలో ఆ అయిదుగురూ పడే ఉంటారు. మా రిజిస్టరులో మాత్రం ఆ రాత్రి గీత గీసి ఉంది.

కేంద్ర పర్యాటక శాఖ ఏటా ప్రకటించే లెక్కలు నేను ఆసక్తిగా చదువుతాను. 2023లో దేశమంతటా దేశీయ పర్యాటకుల సందర్శనలు 250 కోట్లని, అందులో మన రాష్ట్రానివి 25 కోట్లకు పైనేనని అందులో ఉంది. అయిదు కోట్ల జనాభా ఉన్న రాష్ట్రానికి 25 కోట్ల సందర్శనలు! దేశంలో ముందు వరసలో ఉన్నామని సంతోషమే. కానీ అవి సందర్శనలు. ఏడు శనివారాలు వచ్చిన మనిషి ఒక్కడే అయినా ఏడుసార్లు వచ్చినట్టు. వీళ్లలో రాత్రి ఎంతమంది ఆగారు, ఎన్ని రాత్రులు ఆగారు, ఏ నెలలో, ఏ మండలంలో? నాలాంటి వాళ్లకు కావలసింది అదీ.

ఇది నా సొంత గొడవ కాదండీ. ఐక్యరాజ్యసమితి 2008లో ఇచ్చిన పర్యాటక గణాంకాల మార్గదర్శకాల్లోనే రాత్రి బస చేసినవారిని 'పర్యాటకులు' అనాలనీ, అదే రోజు తిరిగిపోయేవారిని వేరుగా చూడాలనీ ఉంది. ఎందుకంటే ఊరికి డబ్బు దిగేది రాత్రి ఆగినప్పుడే. మా ఇంట్లో ఇద్దరు మూడు రాత్రులు ఉన్నారంటే ఆరు అతిథి రాత్రులు. ఆ ఆరు రాత్రులకు పాలు పక్కింటి గేదెవి. కూరలు గోదావరి మధ్య లంక పొలాల నుంచి వస్తాయి. దుప్పట్లు చాకలి అప్పారావు ఇంటికి వెళ్తాయి. సాయంత్రం కాలవలో పడవ తిప్పే మనిషికి రెండు ట్రిప్పులు. పొద్దున్నే అంబాజీపేట తరహాలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వేయడానికి ఎదురింటి మంగమ్మ వస్తుంది. తిరగేసిన కుండ మీద పిండి గుడ్డ ఒక్కసారి లాగి, పొగమంచు పొరలాంటి రేకును ఎలా లేపుతారో చూపించడానికి ఇంకో ఆవిడ వస్తుంది. కారు దిగి డబ్బా కొనుక్కుని పోయే మనిషికి వీళ్లెవరూ కనబడరు.

మొదట్లో మా అత్తగారు ఈ పనికి ఒప్పుకోలేదు. ఇంటికొచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడమంటే అన్నం అమ్ముకోవడమేనని రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ బాధ నాకు తెలుసు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్లకు కూడా వండి పెట్టిన గడ్డ ఇది. ఆవిడ పేరే మీ ప్రభుత్వం బడి పిల్లల భోజనానికి పెట్టింది. అయినా పెంకులు జారిపోతున్న ఇల్లు నిలబడాలంటే వేరే దారి కనిపించలేదు. నేషనల్ శాంపిల్ సర్వే 2014–15లో ఇంటింటికీ తిరిగి అడిగినప్పుడు కూడా, దేశంలో జనం రాత్రి బస చేసే ప్రయాణాల్లో ఎక్కువ భాగం చుట్టాలిళ్లకూ శుభకార్యాలకూనని తేలింది. మనవాళ్లకు బస అంటే చుట్టాలిల్లే. ఆ అలవాటు మెల్లగా మారుతోంది. ఎంత మారుతోందో మాత్రం మండలం వారీగా ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు నన్ను ఈ ఉత్తరం రాయించిన సంగతి. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో హోంస్టేలకు ముద్ర రుణాలిస్తామన్నారు. మూడో గది, ఇంకో బాత్రూమ్ కట్టుకుందామని బ్యాంకుకు వెళ్లాను. ఏ బ్యాంకో ఇక్కడ అనవసరం. మేనేజరు మర్యాదగానే మాట్లాడారు. "మీ ప్రాంతంలో ఏడాదికి సగటున ఎన్ని రాత్రులు గదులు నిండుతాయో ఏదైనా ప్రభుత్వ లెక్క తెండి మేడమ్" అన్నారు. నా రిజిస్టరు చూపించాను. "ఇది మీరు రాసుకున్నదే కదా" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. రుణం ఇచ్చేవాడు ఏదో ఒక లెక్క చూడాలి. ఆ లెక్కే లేదు. సంక్రాంతికి కోనసీమలో, భీమవరంలో గది దొరకలేదన్న వార్త పేపర్లో చూసి అప్పు చేసి గదులు కట్టినవాళ్లు నాకు తెలుసు. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం దాటిన వారానికి ఆ గదుల్లో వడ్లబస్తాలు పెట్టుకున్నారు. పండగ మూడు రాత్రుల ధర చూసి ఏడాది ఆదాయం ఊహించుకోవడం వల్ల వచ్చిన నష్టం అది.

యూరప్ దేశాల్లో ఈ పని ఎలా చేశారో చూడండి. ఎయిర్‌బీఎన్‌బీ, బుకింగ్, ఎక్స్‌పీడియా, ట్రిప్‌అడ్వైజర్ అనే నాలుగు సంస్థలతో 2020లో యూరోపియన్ కమిషన్ ఒప్పందం చేసుకుంది. పేర్లు, చిరునామాలు లేకుండా, ఏ ప్రాంతంలో ఏ నెలలో ఎన్ని అతిథి రాత్రులు బుక్ అయ్యాయో అవి ఇస్తాయి. వారి గణాంక సంస్థ దాన్ని అందరికీ ప్రకటిస్తుంది. 2024లో అలా లెక్కకు వచ్చిన రాత్రులు 85 కోట్లకు పైనే. అంతకు ముందు ఏడాది కన్నా అయిదో వంతు దాకా ఎక్కువ. లెక్క ఉంది కాబట్టి ఎక్కడ పెంచాలో చూసుకుంటున్నారు, ఎక్కడ ఆపాలో కూడా చూసుకుంటున్నారు. బార్సిలోనా నగరం అయితే ఊరివాళ్లకు అద్దె ఇళ్లు దొరకడం లేదని, 2028 నవంబరు నాటికి పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఆపేస్తానంది. మా లంకలకు ఆ పరిస్థితి రాకూడదన్నా ముందు లెక్క ఉండాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. లాడ్జి, రిసార్టు, హోంస్టే, ఏదైనా సరే నెలకొకసారి ఫోన్లోనే నాలుగు అంకెలు పంపేలా చేయండి: ఎన్ని గదులు, ఎన్ని నిండాయి, ఎంతమంది వచ్చారు, ఎన్ని రాత్రులు ఉన్నారు. బుకింగ్ సంస్థల నుంచి కూడా ఇవే అంకెలు మండలం వారీగా తీసుకోండి. అన్నీ కలిపి నెలనెలా తెలుగులో ప్రకటించండి. విదేశీయులెవరైనా వస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు ఇస్తూనే ఉన్నాం. నాలుగు అంకెలు పంపడం మాకేం కష్టం కాదు.

చిన్నవాళ్లు భయపడతారు, నిజమే. లెక్క అడిగారంటే వెనకే పన్ను నోటీసు వస్తుందని మా ఊళ్లో ఇంకో ఇద్దరు రిజిస్టరే పెట్టడం లేదు. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్నవాళ్లం జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదని, ఈ అంకెలు గణాంకాలకే తప్ప వేరే దేనికీ వాడరని మీరు ఒక్క మాట రాతపూర్వకంగా చెబితే వాళ్లూ ముందుకొస్తారు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జనం మీకు గుర్తుండే ఉంటుంది. ఈసారి ఘాట్లలో మునకలు ఎన్నో తప్పకుండా లెక్కపెడతారు. ఆ పన్నెండు రోజుల్లో గోదావరికి రెండు గట్లా ఎవరు ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు పడుకున్నారో కూడా లెక్కపెట్టించండి. పుష్కరాల కోసం కట్టే గదులు ఆ తర్వాత ఆషాఢంలో, భాద్రపదంలో ఎలా నిండాలో అప్పుడే ఆలోచించవచ్చు. నా మటుకు నేను వరదనీరు ఎర్రగా వచ్చి పులస చేప ఎదురెక్కే రోజుల మీద ఆశ పెట్టుకున్నాను. ఆ వానాకాలం రోజుల్లోనే మా ఇల్లు అందంగా ఉంటుంది, ఆ రోజుల్లోనే ఎవరూ రారు.

ఈ లేఖతో మా రిజిస్టరు నెలవారీ లెక్క జెరాక్స్ తీసి మీ కార్యాలయానికి పంపుతున్నాను. అతిథుల పేర్లు కొట్టేశాను, రాత్రులు ఉంచాను. పోయిన జనవరిలో పదకొండు, జూలైలో రెండు. మీ శాఖ వాళ్లెవరైనా సరిచూడాలనుకుంటే అసలు పుస్తకం మా నడవలో గోడ గడియారం కింద బల్ల మీద ఉంటుంది. ఎప్పుడైనా రావచ్చు. బట్టలు తెచ్చుకుని రమ్మనండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక లోగిలి ఇల్లాలు