పాత బగ్గుల జాబితా తిరగేయడాన్నీ ప్రాజెక్టుగా ఒప్పుకోండి

సంపాదకులకు నమస్కారం.

మన ఉత్తరాంధ్రలో బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టంటే ఎక్కువచోట్ల లైబ్రరీ మేనేజ్‌మెంటో, హాజరు పట్టీ యాపో. ఏటా అవే, అట్టలు మాత్రం కొత్తవి. వాటి బదులు నిజంగా అవసరమైన పని ఒకటుంది. అది గ్నూ సి లైబ్రరీ బగ్గుల (కోడ్ లోపాల) జాబితాను సరిచూడటం.

ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మన సీడాక్ వారి బాస్ లినక్స్, ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నిటికీ అడుగున ఉన్నది ఈ లైబ్రరీయే. ఫైలు తెరవాలన్నా, మెమరీ అడగాలన్నా, టైము చూడాలన్నా ప్రోగ్రాములు దీన్నే పిలుస్తాయి. ఏడాదికి రెండు విడుదలలు, దాదాపు ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. బగ్గులు నమోదుచేసే బగ్జిల్లా సైటులో ఉన్న దీని జాబితాను ఎవరైనా చదవొచ్చు. కొత్త ఎంట్రీలు వాటంతటవే వచ్చి చేరతాయి. పాతవి మాత్రం ఎవరో ఒకరు కూర్చుని చూస్తే తప్ప కదలవు. వాటిలో కొన్ని వేరే ప్యాచ్‌తో (కోడ్ సవరణతో) ఎప్పుడో సరైపోయి ఉంటాయి, కొన్ని ఒకే బగ్గుకు రెండో ఫిర్యాదులు, కొన్నిటికి పరీక్షించే ప్రోగ్రామే జతచేసి ఉండదు.

సరైన గుర్తు పెట్టకపోతే ఏమవుతుందో ‘ఘోస్ట్’ బగ్గు చూపించింది. హోస్ట్ పేరు వెతికే ఫంక్షన్‌లో బఫర్ (డేటా ఉంచే మెమరీ చోటు) సైజు లెక్క కట్టేటప్పుడు ఒక పాయింటర్‌కు (మెమరీ చిరునామాకు) చోటు కలపలేదు. 32 బిట్ మెషీన్‌లో 4 బైట్లు, 64 బిట్‌లో 8 బైట్లు బఫర్ దాటి పోయేవి. 2000 నుంచి ఉన్న ఈ లోపాన్ని 2013 మేలో సరిచేశారు. అయితే అది భద్రతకు సంబంధించినదని ఎవరూ గుర్తించలేదు. అందుకని ఎక్కువ కాలం నడిచే లినక్స్ పంపిణీల్లో చాలావాటికి ఆ ప్యాచ్ చేరలేదు. 2015 జనవరిలో విషయం బయటపడేదాకా ఆ సర్వర్లు అలాగే నడిచాయి. కోడ్ సరైంది, ఆగింది గుర్తు దగ్గరే.

ఇక పని చేసే తీరు. కొత్తవాళ్లు లొకేల్ డేటా (భాష, ప్రాంతాల అమరికలు), మాన్యువల్, టైమ్ విభాగాలతో మొదలుపెట్టాలి. మాలాక్ (మెమరీ కేటాయింపు), థ్రెడ్ల జోలికి అప్పుడే పోవద్దు. ఎంట్రీని చివరి వ్యాఖ్య దాకా చదివి, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం)తో సోర్స్ కోడ్ దించుకుని, వేరే డైరెక్టరీలో కాన్ఫిగర్ చేయాలి. సోర్స్ డైరెక్టరీలోనే చేయబోతే అది ఒప్పుకోదు. తర్వాత కట్టడానికి మేక్, ఆపైన పరీక్షలకు మేక్ చెక్ కమాండ్లు. ల్యాబ్ మెషీన్‌లో మేక్ ఇన్‌స్టాల్ మాత్రం కొట్టొద్దు. ఉన్న లైబ్రరీ మీద అది తేడాగా పడితే ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కూడా నడవదు, లాగిన్ కూడా అవ్వలేం. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి బాగుచేసుకోవాల్సిందే.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కొత్త లైబ్రరీ కట్టుకుని, పరీక్ష ప్రోగ్రామ్‌ను మామూలుగా నడిపేస్తారు. అది సిస్టమ్‌లోని పాత లైబ్రరీనే పట్టుకుంటుంది. దాన్ని చూసి ‘బగ్ ఇంకా ఉంది’ అని రాసేస్తారు. బిల్డ్ డైరెక్టరీలో తయారయ్యే టెస్ట్‌రన్ స్క్రిప్టు ద్వారా నడిపితేనే కొత్తది అందుతుంది. ప్రోగ్రామ్ మొదటి వరుసలోనే లైబ్రరీ వెర్షన్ ప్రింట్ చేయిస్తే ఇక అనుమానం ఉండదు.

బగ్గు కనిపించకపోతే వెంటనే ‘సరైపోయింది’ అనకూడదు. ఏ మార్పుతో సరైందో, మార్పుల వరుసను సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌తో పట్టాలి. వెయ్యి మార్పులున్నా పది బిల్డులతో తేలుతుంది. ఆ మార్పు, అది చేరిన విడుదల, ప్రాసెసర్ రకం, ఇచ్చిన కమాండ్, రావాల్సింది, వచ్చింది, ఇవన్నీ వ్యాఖ్యగా రాస్తే చాలు. ఎంట్రీని మూసే పని నిర్వాహకులు చూసుకుంటారు.

మన భాషకు తగిలే ఉదాహరణ ఒకటి. కళింగపట్నం, కవిటి అని రెండు పేర్లు ఫైల్లో రాసి ఏ భాషకూ చెందని సి లొకేల్‌లో సార్ట్ చేయండి. కళింగపట్నం ముందు వస్తుంది. యూనికోడ్‌లో ‘ళ’ స్థానం 0సీ33, ‘వ’ది 0సీ35 కావడమే కారణం. మన వర్ణమాలలో ‘ళ’ వచ్చేది ‘హ’ తర్వాత, కాబట్టి నిఘంటువులో కవిటే ముందుండాలి. ఇదే ఫైలును తెలుగు లొకేల్‌లో సార్ట్ చేసి పోల్చాలి. 2018 ఆగస్టులో వచ్చిన 2.28 విడుదలలో అక్షరక్రమం పట్టికనే కొత్త ఐఎస్‌ఓ 14651 ప్రమాణానికి మార్చారు. అంతకుముందు క్రమం గురించి వచ్చిన ఏ ఫిర్యాదునైనా మళ్లీ పరీక్షించాకే నమ్మాలి. తెలుగు వచ్చినవాళ్లు చూడకపోతే ఈ తేడా ఇంకెవరి కంటా పడదు.

2038 సమస్యా అంతే. ఆ ఏడాది జనవరి 19 ఉదయం 8:44:07 దాటగానే 32 బిట్ గడియారం పొంగిపోతుంది. 2021లో వచ్చిన 2.34 విడుదల నుంచి 32 బిట్ మెషీన్లలోనూ 64 బిట్ టైము వాడుకోవచ్చు. కాకపోతే కంపైల్ చేసేటప్పుడు టైమ్ బిట్స్ ఆప్షన్‌తో పాటు ఫైల్ ఆఫ్‌సెట్ ఆప్షన్ కూడా 64కి పెట్టాలి, టైమ్ బిట్స్ ఒక్కటే పెడితే కంపైల్ కాదు. ఎంట్రీలో ఈ ఆప్షన్ల ప్రస్తావన లేకపోతే ముందు అదే అడగాలి.

సొంతంగా ప్యాచ్ పంపాలన్నా 2021 నుంచి కాపీరైట్ బదిలీ పత్రాలు తప్పనిసరి కావు. ‘ఈ కోడ్ పంపే హక్కు నాకుంది’ అని తెలిపే సైన్డ్ ఆఫ్ వరుస రాస్తే సరిపోతుంది.

విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ అధికారులకు మా మనవి. నలుగురు విద్యార్థుల బృందం సెమిస్టర్‌లో పది ఎంట్రీలు తేలిస్తే దాన్ని ప్రాజెక్టుగా ఒప్పుకోండి. మార్కులు కోడ్ వరుసలకు కాదు, గైడ్ తన మెషీన్‌లో మళ్లీ నడిపినప్పుడు అదే ఫలితం వచ్చిందా అన్నదానికి వేయండి. మేక్ చెక్ గంటల తరబడి నడుస్తుంది, సాయంత్రం అయిదింటికి మెయిన్ ఆపేస్తే మధ్యలోనే ఆగిపోతుంది. కనీసం రెండు మెషీన్లయినా రాత్రి నడిచేలా యూపీఎస్ మీద ఉంచమని కోరుతున్నాం.

- కొందరు కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు, శ్రీకాకుళం