‘ఇంకా తేలలేదు’ అని చెప్పే తీరిక మన డాక్టర్లకు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తిరుపతిలో ఉంటాను. సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. మందులు చాలడం లేదనో, మంచాలు తక్కువయ్యాయనో చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అవి వేరే దారుల్లో మీ దాకా వస్తూనే ఉంటాయి. ఏ రిపోర్టులోకీ ఎక్కని సంగతి ఒకటుంది, అది చెప్పాలని రాస్తున్నాను. జబ్బేమిటో ఇంకా తెలియని రోజుల్లో పేషెంటుతో, వాళ్ల మనుషులతో ఎవరూ సరిగా మాట్లాడరు.

జబ్బు తెలిస్తే మాట్లాడతారు. కిడ్నీలో రాయి అనో, గుండె వాల్వు చెడిందనో చెప్పి కాగితం మీద బొమ్మ గీసి చూపించే డాక్టర్లు కూడా ఉన్నారు. తెలియనప్పుడే నోరు పెగలదు. రౌండ్స్‌లో కేస్ షీట్ తిరగేసి, తమలో తాము ఇంగ్లీషులో నాలుగు మాటలు అనుకుని, పక్క మంచానికి వెళ్లిపోతారు. డాక్టరు మనసులో ఉన్నది ‘రేపు కల్చర్ రిపోర్టు (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) రానీ, చూద్దాం’ అన్నదే. మంచం పక్కన నిలబడ్డ కొడుక్కి మాత్రం, ‘ఏదో దాస్తున్నారు, మా నాయన ఇక దక్కడు’ అనిపిస్తుంది.

సాయంత్రానికి బంధువులు చేరతారు. ఒకరు వేలూరు ఆసుపత్రికి అంటారు, ఇంకొకరు మద్రాసుకి అంటారు. చిత్తూరు జనానికి వేలూరు మీద తరాల నమ్మకం. 1911 దాకా రెండూ ఒకే జిల్లా కూడా. అక్కడికి వెళ్లడం తప్పని నేననను. కానీ టెన్షన్‌తో, అర్ధరాత్రి, చెవుల కమ్మలు కుదువపెట్టి, ఆక్సిజన్ మీదున్న మనిషిని అంబులెన్స్‌లో ఎక్కించి వెళ్లే ప్రయాణం వేరు. డాక్టరు వద్దన్నా సంతకం పెట్టి తీసుకెళ్లడాన్ని ఆసుపత్రుల్లో ‘లామా’ అంటారు. తెల్లారి ల్యాబ్ నుంచి ఆ కల్చర్ రిపోర్టు వస్తుంది. మంచం మీద మనిషి ఉండడు. కొత్త ఆసుపత్రిలో మళ్లీ మొదటి పరీక్ష నుంచి మొదలు.

దీనికి ఎదురుగా నా కళ్లతో చూసింది ఒకటి చెబుతాను. శేషాచలం అడవి అంచు పల్లె నుంచి ఒక అవ్వను తెచ్చారు. వారం దాటిన జ్వరం. మలేరియా లేదు, డెంగీ లేదు, ప్లేట్‌లెట్లు మాత్రం పడిపోతున్నాయి. ఆ రాత్రి డ్యూటీలో పీజీ చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. ఎక్కడి నుంచో స్టూల్ లాక్కొచ్చి అవ్వ పక్కన కూర్చుంది. “అవ్వా, ఇది ఏం జ్వరమో మాకు ఇంకా తేలలేదు. ఏవి కావో తెలిసింది. రేపు ఇంకో పరీక్ష చేస్తాం. ఈలోగా ఆయాసం వచ్చినా, మాట తడబడినా సిస్టర్‌కి చెప్పు, నేను వచ్చేస్తా” అంది. ఆ తర్వాత లేచి పోలేదు. ఇంటి దగ్గర ఏం పని చేస్తావని అడిగి, అవ్వ చెప్పేది వింటూ కూర్చుంది. మేకలు, కట్టెలు, కోడలితో పేచీ, అన్నీ వచ్చాయి. చివర్లో అవ్వ గొంతు తగ్గించి, నడుం కాడ చీరకట్టు కింద ఏదో కుట్టిందని, మగ డాక్టర్లకు చూపించలేక ఊరుకున్నానని చెప్పింది. చూస్తే, బీడీతో కాల్చినట్టు నల్లటి పక్కు.

స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. మన కొండల పక్క పల్లెల్లో ఇది కొత్తేమీ కాదు. దీనికి చేసే రక్తపరీక్ష మొదటి రోజుల్లో నెగెటివ్‌గా రావచ్చు. కాబట్టి ఆ పక్కు కనిపించడం ఎంతో మేలు. డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. అవ్వకూ దిగింది.

ప్రతిసారీ ఇలా సమాధానం దొరకదు. చివరిదాకా ఏం జబ్బో తేలకుండానే పోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆ యూనిట్ డాక్టరు మాత్రం ఏ పూటకాపూట ఏం చూశారో, ఏం అర్థం కాలేదో ఆయన భార్యకు చెబుతూ వచ్చారు. పోయిన రోజు ఆమె నాతో, “తెలీలేదని చెప్తానే వచ్చినారు సిస్టరమ్మా, మమ్మల్ని వదిలేయలేదు” అంది. ఆ వార్డులో ఆ రోజు గొడవ లేదు, అరుపులు లేవు. డాక్టర్ల మీద దాడుల్ని అరికట్టడానికి మనకు 2008 నుంచి చట్టం ఉంది, ఉండాలి కూడా. కానీ అద్దాలు పగిలాక వచ్చే పోలీసు కన్నా, పగలక ముందు కూర్చుని మాట్లాడే డాక్టరు ఎక్కువ కాపాడతాడని నా నమ్మకం.

తప్పంతా డాక్టర్లదే అంటే అన్యాయం. తెలీదంటే చేతకాదనుకుంటారని కుర్ర డాక్టర్లకు భయం. పైగా తీరిక లేదు. 67 దేశాల లెక్కలు చూసి 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక్కోసారి ఇచ్చే సమయం ఐదు నిమిషాలో, అంతకన్నా తక్కువో అని తేలింది. రెసిడెంట్ల (ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చేసే డాక్టర్ల) డ్యూటీ వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. అది ఎక్కడ అమలవుతోందో మీరు ఒక రాత్రి ఏ క్యాజువాలిటీకి వెళ్లినా తెలుస్తుంది. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో పేషెంటుతో మాట్లాడే పద్ధతిని పాఠంగా చెబుతున్నారు, మంచిదే. పాఠం విన్న పిల్ల వార్డుకొచ్చేసరికి, పెద్ద డాక్టర్లు మంచం దగ్గర ఆగకుండా వెళ్లిపోవడం చూస్తే ఆ పాఠం ఎంతకాలం నిలుస్తుంది?

మన కాగితాల్లో కూడా ఈ ‘తెలియదు’ అన్నదానికి చోటు లేదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి అప్రూవల్ కావాలంటే మామూలుగా జబ్బుకో, ఆపరేషన్‌కో ఒక పేరుండాలి. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది. పల్లె మనిషి దాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకుంటాడు తప్ప చదవలేడు.

అందుకే మిమ్మల్ని అడిగేది చిన్నదే. పెద్దాసుపత్రుల్లో చేరిన ప్రతి పేషెంటుకూ తెలుగులో ఒక కాగితం ఇప్పించండి. ఇప్పటిదాకా తెలిసిందేమిటి, ఇంకా తెలియనిదేమిటి, ఏం జరిగితే వెంటనే పిలవాలి లేక తిరిగి రావాలి, ఇంతే అందులో ఉండాలి. అది అటెండర్‌తో పంపించకుండా, డాక్టరే కూర్చుని చదివి చెప్పాలి. కుప్పం, నగరి వైపు నుంచి వచ్చేవాళ్లలో అరవం మాట్లాడేవాళ్లు చాలామంది, వాళ్లకు ఆ భాషలో చెప్పే మనిషి ఉండాలి. ఇందుకు రోజూ మధ్యాహ్నం ఒక గంట, ఓపీ తగలకుండా, డ్యూటీ చార్టులోనే రాయించండి. ఆ గంటను పనిగా లెక్కించకపోతే నెల తిరక్కుండా ఆగిపోతుంది. మంచానికో స్టూల్ కూడా వేయించండి. నిలబడి మాట్లాడే డాక్టరుతో అవ్వలెవరూ చీరకట్టు కింది పుండు సంగతి చెప్పరు.

ముందు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక్కో ఆసుపత్రిలో, జ్వరాల కేసులుండే మెడికల్ వార్డుల్లో మొదలుపెట్టి చూడండి. ఆరు నెలల తర్వాత లామా సంతకాలు తగ్గాయో లేదో రిజిస్టరే చెబుతుంది. కాగితం తయారుచేయడానికీ, కొత్త నర్సులకు నేర్పడానికీ ఈ ఊళ్లో రిటైరైన నర్సులం చాలామందిమి ఉన్నాం. జీతం అడగం, కబురు చేస్తే వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
తిరుపతి