ఫాస్ట్ కండా, స్లో కండా అని తేల్చేది జిమ్ కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కండర తంతువుల మీద, అంటే కండలో ఉండే సన్నటి పోగుల మీద వచ్చిన వ్యాసం చదివాను. వీటిలో స్లో రకం నెమ్మదిగా పనిచేసి ఎక్కువసేపు ఓర్చుకుంటుంది, ఫాస్ట్ రకం ఒక్కసారిగా బలం చూపించి తొందరగా అలసిపోతుంది. ఇలాంటి సంగతులు తెలుగులో రాయించడం బాగుంది. కానీ చివర్లో ఒక పరీక్ష పెట్టారు చూడండి, ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం పెట్టుకుని ఎన్ని రెప్స్ వస్తాయో, అంటే ఆపకుండా ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెట్టుకుంటే మీది స్లో రకమో ఫాస్ట్ రకమో తెలిసిపోతుందని, దానితోనే వచ్చింది చిక్కు. మా ఊరి జిమ్‌లో కుర్రాళ్లు అప్పుడే “నాది స్లో బాడీ అండి, నాకు కండ రాదు” అనడం మొదలుపెట్టారు.

ఆ లెక్క అలవాటును బట్టి మారుతుంది, ఓపికను బట్టి మారుతుంది, ముందు రాత్రి నిద్రను బట్టి కూడా మారుతుంది. నిజంగా తేలాలంటే కండలోంచి చిన్న ముక్క తీసి చూడాల్సిందే. 1962లో స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రోమ్ తొడ కండలోకి సూది దింపి ముక్క తీసే పద్ధతిని చూపించాకే ఈ పరిశోధన ఊపందుకుంది. మామూలు మనిషి తొడలో రెండు రకాలూ దాదాపు చెరిసగం ఉంటాయని, మారథాన్ వాళ్లలో స్లో, స్ప్రింటర్లలో ఫాస్ట్ ఎక్కువని అలా తేలింది.

ఈ రెండు రకాలూ కంటికి కనపడాలంటే భీమవరం మార్కెట్లో శీలావతి చేపను కోసేటప్పుడు గమనించండి, చర్మం కిందే పక్క గీత వెంట సన్నగా ముదురు ఎర్ర కండ ఉంటుంది, మిగతాదంతా తెలుపు. నింపాదిగా ఈదడానికి ఎర్రది, అదే స్లో, వల తగలగానే ఒక్కసారిగా ఎగరడానికి తెల్లది, అదే ఫాస్ట్. ఎర్రదానిలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్, దానితో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఎక్కువ కాబట్టి అది తొందరగా అలవదు. చేపలో విడిగా కనిపించేవి మనకి ఒకే కండలో కలగలిసి ఉంటాయి, పైనుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

నేను పీఈటీగా చేసి రిటైరయ్యాను. కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారయ్యే పిల్లలు రోజూ తెల్లారకముందే కాలువ గట్టు మీద ఒకే వేగంతో ఐదారు కిలోమీటర్లు పరిగెడతారు, 1600 మీటర్లకి అది పనికొస్తుంది సరే, మరి 100 మీటర్లు, లాంగ్ జంప్ ఎందుకు మెరుగుపడటం లేదని వచ్చి నన్నే అడుగుతారు! శరీరం ముందు చిన్న స్లో తంతువుల్ని పిలుస్తుంది, బరువు పెరిగినప్పుడో, పూర్తి వేగం కావలసినప్పుడో, అలసట ముదిరినప్పుడో మాత్రమే పెద్ద ఫాస్ట్ వాటిని దింపుతుంది. నెమ్మది పరుగులో వాటికి పెద్దగా పనే పడదు. 40, 50 మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తి, తర్వాత మూడు నిమిషాలు ఊరికే నడవండ్రా అంటే వినరు, ఆగితే బద్ధకం అనుకుంటారని భయం. పరుగు పరుగుకీ ఫాస్ట్ కండ కోలుకోవాలంటే ఆ విరామం ఉండాల్సిందే.

ఇక కండ పెంచడం సంగతి. ఫాస్ట్ తంతువులు సాధారణంగా కాస్త ఎక్కువ లావెక్కుతాయి, నిజమే, కానీ స్లోవి కూడా పెరుగుతాయి. తేలిక బరువుతోనైనా ఇక ఎత్తలేననేదాకా చేస్తే పెద్ద తంతువులూ పనిలోకి దిగుతాయి, పెరుగుదల భారీ బరువులతో వచ్చినంతా వస్తుంది. ఇంట్లో ఐదు కిలోల డంబెల్సే ఉన్న కుర్రాడు అందుకని దిగులుపడక్కర్లేదు. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం భారీ బరువులు ఎత్తాల్సిందే. ఫాస్ట్‌లోనే మళ్లీ రెండు రకాలు, అన్నిటికన్నా వేగంగా పనిచేసే 2ఎక్స్, కాస్త ఓర్చుకునే 2ఏ; సాధనతో 2ఎక్స్ రకం 2ఏ వైపు తేలిగ్గా మారుతుంది. స్లో నుంచి ఫాస్ట్‌కి మారడం మాత్రం అంత సులువు కాదు.

మన అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో 2023లో గిన్నిస్‌కెక్కింది. అదంతా పుట్టుకతో వచ్చిన ఫాస్ట్ కండే అని జిమ్‌లో ఒకాయన తేల్చేశాడు. సాత్విక్ తొడలో సూది గుచ్చి చూసొచ్చాడా ఏం? భుజం, మణికట్టు, అడుగు, చిన్నప్పటి నుంచి చేసిన సాధన, వీటి లెక్క ఏమైపోయినట్టు?

ఇంకో మాట. వయసు మీద పడేకొద్దీ ఎక్కువగా సన్నబడేవి ఫాస్ట్ తంతువులే, కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోలేకపోవడానికి అదో కారణం. అరవై దాటినవాళ్లకి రోజూ నడక ఒక్కటే చాలదు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం లాంటి బలం కసరత్తులూ కావాలి. ఈసారి దాని మీద ఒక పేజీ వేయించండి, మా వాకింగ్ బ్యాచ్‌లో సగంమంది ఆ వయసువాళ్లే.

– రిటైర్డ్ పీఈటీ, రాజోలు